కళ్లం మీద క్యాంబర్

క్యాంబర్ అన్న మాట నాకు కారు వల్ల తెలియలేదు, నాన్నగారి వల్ల తెలిసింది. ఆయన ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయన బండి వెనక కూర్చుని రావులపాలెం నుంచి కొత్తపేట వైపు వెళ్తుంటే, కొత్తగా వేసిన తారు రోడ్డు చూపించి, "నడిమధ్య ఎత్తు, అంచుల దగ్గర పల్లం. చూశావా? అదే క్యాంబర్" అనేవారు. మీటరుకి రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు. ఆ కాస్త వాలు లేకపోతే మా ఒండ్రు నేలలో వాన నీరు రోడ్డు మీదే నిలిచి, తారు కిందికి దిగి, ఒక్క వానాకాలానికే గుంటలు పడతాయి.

చక్రానికీ క్యాంబర్, అంటే నిటారు నుంచి కాస్త వాలు, ఉంటుందని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. నాది 2013 స్విఫ్ట్, పెట్రోలు, 15 అంగుళాల రిమ్ములు. అమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆ కారే, దింపు తీయించిన రోజు కొబ్బరికాయల బస్తాలు వేసేది ఆ కారే. మొదటి ట్రాక్ డేకి, అంటే రేసు ట్రాక్ మీద మన కారు మనమే నడుపుకునే రోజుకి, కూడా దాంట్లోనే వెళ్లాను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.7 కిలోమీటర్ల ట్రాక్. రావులపాలెంలో 16వ నంబరు హైవే ఎక్కితే అక్కడికి దాదాపు 600 కిలోమీటర్లు. అంటే ఏ టైర్లతో ట్రాక్ మీద తిరుగుతానో, ఆ టైర్లతోనే ఇంటికి రావాలి. ఈ పోస్టులో నేను చెప్పేదంతా ఆ ఒక్క షరతుకి లోబడే.

నాలుగు సెషన్లు అయ్యాక ఎడమ ముందు టైరు చూస్తే ప్రాణం ఉసూరుమంది. బయటి అంచున రబ్బరు ఈకలు ఈకలుగా లేచిపోయింది. టైరు భుజం మీద ఒక చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, అరుగుదల పట్టీ గాడిలో ఎక్కడుందో చూపించేది. నేల తగలకూడని ఆ గుర్తు కూడా గీసుకుపోయింది. అదే టైరు లోపలి అంచు మాత్రం మొన్న కొన్నట్టే ఉంది. డబ్బులు పోసి కొన్న టైరులో సగమే పని చేస్తోందన్నమాట.

కారణం కష్టమైనదేమీ కాదు. కారు కుడికి తిరిగితే బాడీ ఎడమకి ఒరుగుతుంది. స్విఫ్ట్ లాంటి కార్లకి ముందు ఉండేది స్ట్రట్ రకం సస్పెన్షన్, అంటే స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన ఒకే నిలువు కడ్డీ. బాడీ ఒరిగినప్పుడు చక్రాన్ని తగినంతగా నిలబెట్టడం దాని వల్ల కాదు. బాడీతో పాటు చక్రం కూడా పైభాగం బయటికి వాలి, బరువంతా బయటి అంచు మీద పడుతుంది. అందుకని ముందే చక్రం పైభాగాన్ని కొంచెం లోపలికి వాల్చి పెట్టుకోవాలి. మలుపులో బాడీ ఒరిగే సమయానికి చక్రం నిటారుకి వస్తుంది. దీన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇది దాదాపు సున్నా దగ్గర ఉంటుంది, మామూలు వాడకానికి అదే మంచిది. లోపలికి వాల్చినకొద్దీ తిన్నగా వెళ్లేటప్పుడు లోపలి అంచు మీద భారం పెరుగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే నేలని పట్టే రబ్బరు తగ్గుతుంది. ఇసుక లారీలు తిరిగి గాడులు పడ్డ రోడ్డు మీద స్టీరింగు కుదురుగా ఉండదు.

అలైన్‌మెంట్ షాపులో అడిగితే, "ఈ బండికి క్యాంబర్ తిప్పడానికి ఉండదండి, టో ఒక్కటే" అన్నారు. టో అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. వాళ్లన్నది నిజమే. స్ట్రట్ కిందిభాగాన్ని నకిల్‌కి, అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మకి, రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి, అక్కడ సర్దుబాటుకి చోటు లేదు. పై బోల్టు తీసి దాని బదులు క్యాంబర్ బోల్టు వేసుకోవాలి. దీని నడుము సన్నగా ఉండి, ఒక పక్క బుడిపె ఉంటుంది. తిప్పితే ఆ బుడిపె చక్రం పైభాగాన్ని లోపలికి నెడుతుంది. కొన్ని రకాలతో 1.75 డిగ్రీల దాకా వస్తుంది. స్ట్రట్ పైన బిగించే క్యాంబర్ ప్లేట్లు ఇంకా మంచివి, పైనుంచే జరపొచ్చు. కానీ వాటితో రోడ్డు మీద చప్పుడూ, అదురూ పెరుగుతాయి. అమ్మ కూర్చునే కారు కాబట్టి బోల్టులతోనే సరిపెట్టుకున్నాను.

బోల్టు వేసే ముందు ఇప్పుడు ఎంత ఉందో కొలవాలి కదా. మా ఇంటి వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. కారు అక్కడ పెట్టి, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు తెచ్చి చక్రం పక్కన వేలాడదీశాను. రిమ్ము పై అంచుకీ దారానికీ ఎంత దూరం, కింది అంచుకీ దారానికీ ఎంత దూరం, ఆ తేడా చూడాలి. నా రిమ్ము అంచు నుంచి అంచుకి 400 మిల్లీమీటర్లు. ఆ కొలతకి 7 మిల్లీమీటర్ల తేడా అంటే 1 డిగ్రీ. కుడి చక్రం లోపలికి 7 మిల్లీమీటర్లు చూపించింది. ఎడమది బయటికి 3. ఎడమ టైరు బయటి అంచు పోవడానికి కారణం దొరికిందనుకుని పానా అందుకున్నాను.

అరుగు మీద కూర్చుని చూస్తున్న నాన్నగారు, "ముందు నేల మట్టం చూడు నాన్నా" అన్నారు.

"సిమెంటు కళ్లమే కదండీ, మట్టంగానే ఉంటుంది."

"ధాన్యం మీద వాన పడితే నీళ్లు ఎటు పోతాయి మరి? వాలు పెట్టే పోయించాను దాన్ని."

లేచి లోపలికెళ్లి నీళ్ల లెవెల్ పైపు తెచ్చారు. ఒక కొస నేను ఎడమ టైరు దగ్గర పట్టుకున్నాను, రెండో కొస ఆయన కుడి టైరు దగ్గర. పైపులో బుడగలు పోయేదాకా ఆగి, నీటి అంచు దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. ఎడమ వైపు నేల 18 మిల్లీమీటర్లు పల్లం. రెండు ముందు చక్రాల మధ్య దూరం సుమారు 1480 మిల్లీమీటర్లు, అంటే నేలకే 0.7 డిగ్రీల వాలు ఉంది. ఆ వాలు ఎడమ చక్రాన్ని బయటికి వాలినట్టూ, కుడి చక్రాన్ని లోపలికి వాలినట్టూ చూపిస్తోంది. ఎడమ టైర్ల కింద పాత టైల్స్ ముక్కలు పేర్చి, నాలుగు చక్రాల కిందా మట్టం సరిచేసి మళ్లీ కొలిస్తే రెండు ముందు చక్రాలూ లోపలికి 2 మిల్లీమీటర్లే. కారు ఎలా తయారైందో అలాగే ఉంది. ఆ రోజు నాన్నగారు అడ్డుపడకపోతే ఏ తప్పూ లేని చక్రాన్ని చెడగొట్టి ఉండేవాణ్ణి.

ఇంకో సంగతి. జాకీ మీద నుంచి దించగానే కొలిస్తే లెక్క తప్పొస్తుంది, చక్రాలు ఇంకా లోపలికి ముడుచుకుని ఉంటాయి. నేను యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు ముక్కలు రెండేసి తీసుకుని, మధ్యలో గ్రీజు రాసి ముందు టైర్ల కింద పెడతాను. బానెట్ మీద నాలుగుసార్లు గట్టిగా అదిమితే టైర్లు జారి వాటి చోటికి వస్తాయి. అప్పుడు కొలవాలి.

బోల్టులు వేసి రెండు వైపులా 1.8 డిగ్రీలు లోపలికి వాల్చాను. స్టీరింగు తిన్నగా ఉందని చూసుకుని చెన్నై వెళ్లిపోయాను. ట్రాక్ మీద కారు మారిపోయింది. ముందు భాగం బయటికి జారిపోయే మలుపుల్లో ఇప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే అటు వస్తోంది. సెషన్ అయిన వెంటనే టైరు మీద మూడు చోట్ల వేడి చూశాను, లోపల, మధ్య, బయట. మొదటిసారి బయటి అంచు భగ్గుమన్నది, ఈసారి మూడూ దగ్గరదగ్గరగా ఉండి, లోపలిది కొంచెం ఎక్కువ ఉంది. ఉండాల్సింది అలాగే. ఇంటికొచ్చేసరికి మాత్రం రెండు ముందు టైర్ల లోపలి అంచులూ పాడైపోయాయి. అరచెయ్యి అడ్డంగా ఒకవైపు జరిపితే నున్నగా ఉంది, వెనక్కి జరిపితే రంపం పళ్లు తగిలినట్టుంది.

మా మెకానిక్ బాబాయ్ చూసి, "క్యాంబర్ తినేసింది అబ్బాయ్. పాత బోల్టులు పెట్టేద్దాం" అన్నారు. ఎక్కడ అడిగినా వినపడేది ఇదే మాట. ఆయనకి నచ్చజెప్పడానికి వల అల్లే నైలాన్ దారం కారుకి రెండు పక్కలా చక్రాల ఎత్తులో కట్టి టో కొలిచి చూపించాను. క్యాంబర్ బోల్టు తిప్పితే టో కూడా కదులుతుంది. నేను దాన్ని సరిచేయలేదు. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనక అంచుల మధ్య దూరానికీ 6 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఒక్కో చక్రానికి 3. 400 మిల్లీమీటర్ల మీద 3 అంటే, కిలోమీటరు నడిస్తే టైరు 7.5 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. పోనూ రానూ 1200 కిలోమీటర్లకి 9 కిలోమీటర్లు. అంత దూరం రబ్బరుని తారు మీద అడ్డంగా ఈడిస్తే ఏం మిగులుతుంది? క్యాంబర్ వల్ల టైరు అరుగుతుంది, కాదనను. కానీ అది నెలల్లో జరిగే పని. టో తప్పితే రోజుల్లో పోతుంది. క్యాంబర్ ముట్టుకున్న ప్రతిసారీ టో సరిచేయించాల్సిందే, మరుసటి రోజుకి వాయిదా వేయకూడదు.

ఆ తర్వాత కొన్నాళ్లు రోడ్డుకి ఒక గుర్తు, ట్రాక్‌కి ఒక గుర్తు పెట్టుకుని తిప్పుతూ చూశాను. తిప్పిన ప్రతిసారీ టో సరిచేసే టై రాడ్లు కూడా తిప్పాలి, మళ్లీ దారాలు కట్టాలి. ఏడాదికి నేను రోడ్డు మీద 12,000 కిలోమీటర్లు తిరుగుతాను, ట్రాక్ మీద రెండు రోజులు కలిపి 250 దాటదు. ఆ లెక్క చూసుకున్నాక ఒకే సెట్టింగు మీద నిలబడ్డాను. ఎడమ 1.5, కుడి 1.3, టో సున్నా.

ఎడమకి ఎందుకు ఎక్కువ అని అడుగుతారు. నాన్నగారి రోడ్డు క్యాంబర్ ఇక్కడే మళ్లీ వచ్చింది. మనం ఎడమ పక్కన నడుపుతాం, రోడ్డు ఎడమ అంచుకి వాలి ఉంటుంది, కారు ఆ పల్లానికి లాగుతుంది. కాలువ గట్టు రోడ్ల మీద అంచు కుంగినచోట ఇంకా ఎక్కువ. చక్రాల్లో ఏది తక్కువ లోపలికి వాలి ఉంటే కారు అటు లాగుతుంది. కుడి చక్రాన్ని కాస్త తక్కువ వాల్చితే ఆ కుడి లాగుడు రోడ్డు ఎడమ వాలుకి సరిపోతుంది. అటు ట్రాక్ మీద ఎక్కువ మలుపులు కుడివైపు, బరువు మోసేది ఎడమ టైరు, దానికీ వాలు ఎక్కువే కావాలి. రోడ్డూ ట్రాకూ ఒకే పక్కకి ఒప్పుకున్న చోటు నాకు ఇదొక్కటే కనిపించింది. ఈ విషయం నాన్నగారికి చెప్తే కాగితం మీద రోడ్డు అడ్డకోత గీసి, మీద కారు బొమ్మ వేసి చూసుకుని, "సరిగ్గానే ఉందిరా" అన్నారు. ఆయన నోట ఆ మాట తేలిగ్గా రాదు. అయితే ఈ తేడా 0.2, 0.3 డిగ్రీలు దాటకూడదు, దాటితే మట్టమైన హైవే మీద కారు కుడికి పోతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లు రెండు చూసుకోండి. క్యాంబర్ బోల్టుతో వాల్చినప్పుడు టైరు పైభాగం స్ట్రట్‌కి దగ్గరవుతుంది, మధ్యలో వేలు దూరేంత సందు ఉందో లేదో తప్పకుండా చూడాలి. బిగించాక బోల్టు తల నుంచి స్ట్రట్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. ఆ బోల్టు జారకుండా ఉండేది బిగువు వల్లే. పోయిన వానాకాలంలో ఒక గుంటలో ఎడమ చక్రం గట్టిగా దిగబడింది. దిగి చూస్తే గీత రెండు ముక్కలైంది, అర సెంటీమీటరు పక్కకి పోయింది. గీత లేకపోతే నాకు ఆ సంగతి టైరు పోయాకే తెలిసేది.

ఈ సెట్టింగుతో 9,000 కిలోమీటర్లు నడిచాయి, అందులో ఒక ట్రాక్ డే. నిన్న గాడి లోతు కొలిచాను. కొత్తలో 8 మిల్లీమీటర్లు ఉన్నది ఎడమ టైరుకి బయట 5.6, మధ్యలో 5.5, లోపల 5.1. నా టైర్లకి లోపలి వైపు, బయటి వైపు అన్న గుర్తులు లేవు, అందుకని వచ్చే నెల రిమ్ముల నుంచి ఊడదీయించి తిరగేసి వేయిస్తాను. దాళ్వా కోతలు మొదలైతే కళ్లం ధాన్యంతో నిండిపోతుంది, ఆలోపే టో ఇంకోసారి చూసుకోవాలి.