మోకాలికి స్కానింగ్ ఏంటి?

ఇరవై ఏళ్లుగా మిషన్ తొక్కుతూ జాకెట్లు కుడుతున్నదాన్ని. కుడి మోకాలు వాచేసరికి అందరూ ఒకటే మాట: "అరిగిపోయి ఉంటుంది." మా అత్తయ్య వావిలాకు కాపడం పెట్టేది. హాయిగానే ఉండేది, ఓ గంట. ఎక్స్‌రేలో ఏమీ లేదని మొదటి డాక్టరు నొప్పి మాత్రలు రాసి, బరువు తగ్గమన్నాడు. రెండు నెలలకి బరువు తగ్గలేదు, వాపూ తగ్గలేదు. మాత్రలకి కడుపులో మంట మాత్రం మొదలైంది.

పొద్దున మంచం దిగాక గంటకు పైగా మోకాలు వంగేది కాదు. మిషన్ తొక్కుతుంటే మెల్లగా వదులయ్యేది. గుంటూరులో కీళ్లవాతం డాక్టరుగారికి ఈ మాట చెప్పగానే రాస్తున్న పెన్ను ఆపేశారు. "అరుగుదలైతే పని చేసేకొద్దీ నొప్పి పెరగాలమ్మా" అని అక్కడే స్కానింగ్ బల్ల మీద పడుకోమన్నారు.

స్కానింగంటే కడుపుతో ఉన్నప్పుడు తీసేదే అనుకున్నాను. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, చల్లటి జెల్ రాశారు. తెరమీద తెల్లగా మెరిసే గీత ఎముక. మోకాలిచిప్పకి పైన నల్లటి మడుగులా కనిపించింది నీరు. దాని అంచున బూడిదరంగులో మందంగా ఉన్నది కీలు లోపలి పొర. నీరైతే నొక్కితే పక్కకి జారుతుంది, పొర జారదు. తర్వాత ఏదో బటన్ నొక్కి, చెయ్యి తేలిగ్గా ఆనించారు. గట్టిగా అదిమితే రక్తప్రవాహం కనబడదట. ఆ పొరలో ఎర్రటి చుక్కలు మినుకుమినుకుమన్నాయి, పెళ్లింటి సీరియల్ లైట్లలాగా. "వాపు ఇప్పుడు జోరుగా ఉందని అర్థం" అన్నారు. ఎక్స్‌రేకి ఎముక కనిపిస్తుంది గానీ ఈ పొర కనిపించదట. రెండు నెలలు దేనికి మాత్రలు మింగానో తలుచుకుంటే ఒళ్లు మండింది.

రక్తపరీక్షల్లో రుమటాయిడ్ అనే కీళ్లవాతమని తేలింది. నీరు తీసి, అదే సూదితో ఇంజెక్షన్ చేశారు. దానికి మెథోట్రెక్సేట్ అనే మందు రాశారు, వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని మరీమరీ చెప్పారు. మా అమ్మాయి డబ్బా మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా 'ఆదివారం' అని రాసింది.

మూడు నెలలకి మళ్లీ స్కానింగ్. ఈసారి తెర నావైపు తిప్పమని నేనే అడిగాను. మడుగు ఇంకిపోయింది. చుక్కలు మాత్రం ఇంకా రెండు వెలుగుతున్నాయి. "మందు ఆపకూడదు" అన్నారు. సరేనన్నాను. శ్రావణమాసం ఆర్డర్లు పదహారు ఉన్నాయి.