ముక్కు లేని నాయనమ్మ

"కండ్లు సగం మూసి చూడు రా." మన డ్రాయింగ్ సార్ నోట ఈ మాట వినకుండా మన బడి దాటినవాళ్లు లేరు. 2010లో పదో తరగతి రాసిన మా బ్యాచ్ దాన్ని కంప్యూటర్ గదిలో కూడా విన్నది.

డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సార్ వచ్చి కూర్చునే పీరియడ్ అన్నట్టు ఉండేది అప్పట్లో. ఆ యేడు సార్ ఎవరిని ఎట్లా ఒప్పించారో గానీ, వారానికి రెండు పీరియడ్లు కంప్యూటర్ గది తాళం మా చేతికొచ్చింది. పనిచేసే సిస్టమ్‌లు నాలుగు. అవీ కరెంటు ఉంటేనే.

మొదటిరోజు సార్ ఒక పేపర్ కటింగ్ చూపించారు. 2008 ఎన్నికలప్పుడు షెపర్డ్ ఫెయిరీ అనే ఆర్టిస్టు వేసిన ఒబామా పోస్టర్. "మనిషి ముఖం ఎర్రగ, నీలంగ ఉంటదా? మరి ఎట్ల గుర్తువట్టిన్రు?" అన్నారు. మేమూ అట్లాంటిదే వేయాలి, నాలుగే రంగుల్లో. కాకపోతే ఫొటో మాత్రం మేం తీసిందే కావాలి. ఆ పోస్టర్‌కు ఆధారం ఒక వార్తాసంస్థ ఫొటో అని, దాని మీద అమెరికాలో కోర్టు కేసు నడిచిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సార్‌కు అప్పటికే తెలుసేమో.

బాబాయ్ ఫోన్‌తో నాయనమ్మను ఇంట్లో కూర్చోబెట్టి తీశాను. సార్ తిప్పికొట్టారు. నీడ లేకపోతే ఆకారం ఎక్కడిది, ఒక పక్క ఎండ పడాలి అన్నారు. మళ్లీ సాయంత్రం నాలుగింటికి అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. మసకమసకగా వచ్చింది. సార్ మాత్రం "మంచిగున్నది, వెంట్రుకలు లెక్కవెట్టే పని తప్పింది" అన్నారు.

గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పోస్టరైజ్ అని ఉంటుంది, ఫొటోలోని రంగుల మెట్లను మనం చెప్పినన్నికి తగ్గించేది. నేను తొందరపడి కలర్ ఫొటోకే 4 అని కొట్టాను. నాలుగు రంగులొస్తాయనుకుంటే ముఖమంతా అతుకుల బొంత. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి నాలుగేసి మెట్లు, అంటే 64 రంగుల దాకా పోవచ్చు. నా డబ్బాలో ఉన్నవి ఆరు సీసాలు! ముందు రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేయాలి, కండ్లు సగం మూసి చూసినట్టు మసకబారేలా కొంచెం బ్లర్ కొట్టాలి, అప్పుడు 4 పెట్టాలి. బ్లర్ లేకపోతే అంచులు చీమలు కొరికినట్టు వస్తాయి.

తర్వాత దాన్ని ప్రింటు తీసి, గడి గడినీ మూడింతలు పెద్దగా దించాలి: ప్రింటు మీద 2 సెంటీమీటర్ల గడులు, డ్రాయింగ్ షీట్ మీద 6 సెంటీమీటర్ల గడులు. మేమంతా గడులు లెక్కపెట్టుకుంటూ తప్పుతుంటే, చేనేత ఊరు పుట్టపాక నుంచి వచ్చే అమ్మాయి మాత్రం గంటలో ముగించేసింది. వాళ్లింట్లో గ్రాఫ్ కాగితం చూసే నూలుకు రబ్బరు ముక్కలు కట్టి రంగులో ముంచుతారు. "నాలుగు రంగులు ఎక్కువే సార్, తేలియా రుమాల్‌కు ఎరుపు, నలుపు, తెలుపు చాలు గద" అంది, వాళ్లు నేసే బట్ట పేరు చెప్పి. సార్ ఆ రోజు మాకు పాఠం చెప్పలేదు, ఆ అమ్మాయితోనే చెప్పించారు.

నా చిక్కంతా ముక్కు దగ్గర. ఎండ పడిన వైపు ముక్కు, చెంప కలిసి ఒకే తెల్లటి మచ్చ అయిపోయాయి. ముక్కు గీతే లేదు. సార్ చూడనప్పుడు పెన్సిల్‌తో సన్నగా గీశాను. ఎప్పుడు చూశారో, రబ్బరు తీసుకుని తుడిచేశారు.

"ముక్కు ఏడ వోయింది సార్ మరి?"

"కింద నీడ ఉన్నది గద. గది చాలు."

నాకు నచ్చలేదు. ఎవరైనా నవ్వుతారని టెన్షన్. అయినా ఎదురు చెప్పే ధైర్యం లేదు.

రంగులేయడం మళ్లీ వేరే కథ. పోస్టర్ కలర్ మీగడలా ఉండాలి. పల్చనైతే కుంచె చారలు, మందమైతే ఆరాక పెచ్చులు. లేత పసుపు, నారింజ, నీలం, చివరికి నలుపు. నీలం సగంలో అయిపోయింది. మళ్లీ కలిపితే అదే నీలం రాలేదు. ఎడమ చెంప మీద ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

బొమ్మ ఇంటికి తెచ్చి నాయనమ్మ చేతికిచ్చాను. అప్పటికే ఒక కంటికి శుక్లం. దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదేందిరా, నీల్లు ఒలికినట్టున్నది" అని ఇచ్చేసింది. ఉసూరుమంటూ తీసుకుపోయి ఎదురు గోడకు మేకు కొట్టి తగిలించాను. కాసేపటికి వాకిట్లోంచి లోపలికి వస్తూ గడపలో ఆగింది.

"గిది నేనే గదరా. గా దినం అరుగు మీద కూసోవెట్టినవు. ఎండకు ఈ దిక్కు చెంప మస్తు కాలింది" అని, బొమ్మలో లేత పసుపు వేసిన వైపు చెంపనే తడుముకుంది.