140 నిమిషాల లెక్క: లాంకస్టర్‌లో రెండు రోజులు

పిల్లల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ కోసం పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌కు, శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయల్దేరితే ఏమవుతుందో ఆ దారిన వెళ్లేవాళ్లకు తెలుసు. న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద ఆరో ఎగ్జిట్ దాకా బాగానే సాగుతుంది. పెన్సిల్వేనియాలోకి దాటి 276 హైవే ఎక్కాక, వ్యాలీ ఫోర్జ్ దగ్గర బండ్లు నిలిచిపోతాయి. 286 ఎగ్జిట్‌లో దిగి, 222 రోడ్డు మీదుగా లాంకస్టర్ చేరేసరికి 120 మైళ్లకు మూడు గంటలు దాటింది. టోల్ దానంతటదే కట్టే ఈజీపాస్ లేకుండా మాత్రం పెన్సిల్వేనియా టర్న్‌పైక్ ఎక్కకండి. నంబర్ ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపే బిల్లు దాదాపు రెట్టింపు ఉంటుంది.

టోల్ కన్నా హోటల్ ఎక్కువ బాధపెట్టింది. టోర్నమెంట్ వాళ్లు ఇచ్చిన లింకులోనే గది తీసుకోవాలి, లేకపోతే జట్టును ఆడనివ్వరు. రాత్రికి 189 డాలర్లు. ఆ రోడ్డు మీదే అంతకంటే తక్కువకు గదులున్నా మనకు పనికిరావు. దానిపైన తలుపు దగ్గర పెద్దవాళ్లకు రోజుకు 15 డాలర్ల టికెట్టు, బయటి తిండి లోపలికి తేకూడదని బోర్డు. పులిహోర, పెరుగన్నం కారు డిక్కీలోనే ఉండిపోయాయి. అదీ ఒకందుకు మంచిదే. మ్యాచ్‌కు రెండు గంటల ముందు తిన్న అన్నమే ఒంటికి పడుతుంది. అరగంట ముందు తింటే పిల్లలు రెండో హాఫ్‌లో పొట్ట పట్టుకుంటారు. ఆఖరి గంటలో ఒక అరటిపండు, నీళ్లు చాలు.

మాది ఏడో తరగతి అమ్మాయిల జట్టు, పదిమంది. నేను స్కోర్‌బుక్ రాస్తాను కాబట్టి నా కుర్చీ కోర్టు మధ్య గీతకు ఎదురుగా, గడియారం పక్కన ఉంటుంది. ఆట నిమిషాల గొడవ అంతా అక్కణ్నుంచి కనిపిస్తుంది.

14 నిమిషాల హాఫ్‌లు రెండు, మొత్తం 28. కోర్టులో ఎప్పుడూ ఐదుగురే కాబట్టి పంచడానికి ఉన్నది 140 నిమిషాలు. పదిమందికి సమానంగా పంచితే తలా 14. పన్నెండుమందిని తీసుకుంటే పదకొండున్నర చిల్లర. అంటే సగం గొడవ సెలెక్షన్ రోజే ఖాయమైపోతుంది. డబ్బు కట్టకముందే నాలుగు సంగతులు అడగాలి: జట్టులో ఎంతమంది, ప్రతి పిల్లకూ కనీసం ఇన్ని నిమిషాలని మాట ఇస్తారా, టోర్నమెంట్లకు బయటి ఆటగాళ్లను అరువు తెస్తారా, తెస్తే ఎవరి నిమిషాలు తగ్గుతాయి. చాలామంది యూనిఫామ్ రంగు అడుగుతారు గాని ఇవి అడగరు.

పైగా ఆ 28 నిమిషాలూ పూర్తిగా చేతికి రావు. ఇలాంటి టోర్నమెంట్లలో గడియారం ఆగదు. ఆఖరి రెండు నిమిషాల్లోనూ, టైమౌట్లప్పుడూ తప్ప పరుగెడుతూనే ఉంటుంది. ఆటగత్తెను మార్చాలంటే రెఫరీ విజిల్ పడాలి. బాస్కెట్ పడినంత మాత్రాన మార్చనివ్వరు. శనివారం రెండో మ్యాచ్‌లో ఒకమ్మాయి లోపలికి దిగడానికి నా బల్ల ముందుకొచ్చి, జెర్సీ నిక్కరులోకి దోపుకుని, ఒక మోకాలు నేలకానించి కూర్చుంది. అప్పుడు గడియారంలో 3:40. అటు బాస్కెట్, ఇటు బాస్కెట్, మళ్లీ అటు. ఫౌల్ లేదు, బంతి గీత దాటి పోలేదు. విజిల్ పడేసరికి 1:15. ఆ రెండు నిమిషాల పాతిక సెకన్లూ ఆ పిల్ల ఎడమచేతి గోళ్లతో బూటు లేసు కొసను గిల్లుతూనే ఉంది. ఈలోగా కోచ్ మనసు మారి, చేయి ఊపి వెనక్కి పిలిచేశాడు. నా నోట్‌బుక్‌లో ఆమె పేరు ఎదురుగా సున్నా.

ఆ మ్యాచ్ మేం 33-37తో ఓడాం. మొదటి ఐదుగురూ తలా 23 నిమిషాలు ఆడారు, అంటే 115. మిగిలిన 25 నిమిషాలూ నలుగురికి 9, 7, 5, 4గా వెళ్లాయి. సాయంత్రం హోటల్ లాబీలో ఆ పిల్ల తల్లి, "అన్నా, ఇంత దూరమొచ్చి మా పిల్లకు ఒళ్లు కూడా వేడెక్కలేదు," అంది. ఆమె గొంతు పెంచలేదు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది.

బాస్కెట్‌బాల్ పుట్టుక గుర్తొచ్చింది. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట కనిపెట్టినప్పుడు ఆయన క్లాసులో పద్ధెనిమిదిమంది ఉన్నారు. అందుకని జట్టుకు తొమ్మిదిమంది చొప్పున దింపాడు. 15 నిమిషాల హాఫ్‌లు రెండు. ఆ రోజు ఆడకుండా బయట కూర్చునే బెంచీ అన్నదే లేదు.

అయితే కోచ్ వైపూ ఒక న్యాయముంది. అది తెలియాలంటే శనివారం ఉదయం ఎనిమిది గంటల మ్యాచ్‌కు వెళ్లాలి. అందులో ఇంకా తొమ్మిది నిమిషాలుండగా మేం 20 పాయింట్ల ముందున్నాం. కోచ్ బెంచీలో ఉన్న ఐదుగురినీ ఒక్కసారిగా దించాడు. ఉద్దేశం మంచిది, చేసిన తీరులోనే పొరపాటు. 20 ముందున్న జట్టు కోర్టంతా ప్రెస్ చేయకూడదు, అంటే బంతి తెచ్చేవాళ్లను అవతలి కొస నుంచే వెంటాడి అడ్డుకోకూడదు, వెనకబడ్డ జట్టు చేయవచ్చు. వాళ్లు చేశారు. బంతిని సగం గీత దాటించడం అలవాటున్న అమ్మాయి ఒక్కతీ లోపల లేదు. పది సెకన్లలో సగం గీత దాటించలేక బంతి పోగొట్టుకుంది రెండుసార్లు, చేతుల్లోంచి లాక్కెళ్లింది నాలుగుసార్లు. చివరికి 36-25. గెలిచాం గాని తేడా 11కు పడిపోయింది. ఆ తొమ్మిది నిమిషాల్లో బెంచీ పిల్లలు బంతిని సరిగా ముట్టుకున్నదీ లేదు.

ముగ్గురిని మార్చి, బంతి తెచ్చే అమ్మాయినీ పొడుగమ్మాయినీ లోపలే ఉంచాల్సింది. అప్పుడు ప్రెస్ విరుగుతుంది, కొత్తగా దిగినవాళ్లకు రెండు షాట్లయినా దొరుకుతాయి. రెండు నిమిషాలయ్యాక మరో ఇద్దర్ని తిప్పుకోవచ్చు. నిమిషాలు ఇచ్చామంటే సరిపోదు, ఆడగలిగే నిమిషాలు ఇవ్వాలి.

ఆ 11 ఎంత ఖరీదైందో ఆదివారం తెలిసింది. మా గుంపులో నాలుగు జట్లు. పొద్దున మూడో జట్టును 38-31తో కొట్టాం. మేం రెండు గెలిచి ఒకటి ఓడాం. మమ్మల్ని ఓడించిన జట్టుదీ అదే లెక్క, మేం ఓడించిన ఈ మూడో జట్టుదీ అదే లెక్క. ఒకరినొకరు గుండ్రంగా ఓడించుకున్నాక ముఖాముఖి ఫలితం పనిచేయదు. పాయింట్ల తేడా చూస్తారు, ఒక్కో మ్యాచ్‌కు 15 వరకే లెక్క. మాది 11, మైనస్ 4, 7 కలిపి 14. మమ్మల్ని ఓడించిన జట్టుది 4, 15, మైనస్ 3 కలిపి 16. మేం మొదటి మ్యాచ్‌లో కొట్టిన నాలుగో జట్టును వాళ్లు 18 తేడాతో కొట్టినా 15గానే రాశారు. మూడో జట్టుకు 8. రెండు పాయింట్లతో మేం పైవరస పోటీ గోల్డ్ పోయి, కిందివరస సిల్వర్‌లో పడ్డాం. మొదటి మ్యాచ్‌లో తేడా 15 దగ్గర నిలబెట్టుంటే మాకు 18 వచ్చేవి.

గోడకు అంటించిన కాగితం ముందే వాదన మొదలైంది. "చేతిలో ఉన్నది జారవిడిచాడు," అని మొదటి ఐదుగురిలో ఒకమ్మాయి నాన్న. "మా పిల్లలు దిగడమే తప్పంటావా అన్నా?" అని ఇంకొకాయన. ఇద్దరి బాధా నిజమే. నాకు మాత్రం కోపం ఆ రూలు మీద. తేడాను లెక్కించినంత కాలం, గెలిచిన మ్యాచ్‌లో కూడా బెంచీని దించడానికి కోచ్ జంకుతాడు. పన్నెండేళ్ల పిల్లల పోటీకి 15 ఎక్కువ. 7 దగ్గర ఆపితే, 20 ముందున్న జట్టు నిశ్చింతగా పదిమందినీ ఆడిస్తుంది.

కోచ్‌తో అక్కడే తేల్చుకోవాలని ఇద్దరు కదిలారు. మ్యాచ్ అయ్యాక ఇరవై నాలుగు గంటలు కోచ్‌ను కదపకూడదని మా జట్టు కాగితంలో రాసుంది. నేనదే గుర్తుచేశాను. అడిగేటప్పుడు కూడా పక్కపిల్ల పేరెత్తకూడదు. "ఎందుకు ఆడించలేదు?" అంటే కోచ్ సమర్థించుకుంటాడు. "ఏం నేర్చుకుంటే ఎక్కువ ఆడుతుంది?" అంటే ఎడమచేతి డ్రిబుల్ అనో, డిఫెన్స్‌లో అటుపక్కకు సాయం వెళ్లడం అనో పని చెబుతాడు. నిమిషాల కాగితం చూపిస్తే మాట ఇంకా తిన్నగా సాగుతుంది. అందుకే గడియారం చూసి "లోపలికి 11:20, బయటికి 7:45" అని రాసుకుంటాను. కళ్లతో చూసి వేసే అంచనా ఎవరి పిల్లకు వాళ్లు తగ్గించే వేస్తారు.

ఒంటిగంటన్నరకు సిల్వర్ మ్యాచ్. 29-34తో ఓడాం. కోచ్ ఈసారి ముగ్గురేసి చొప్పున తిప్పాడు. శనివారం సున్నా వచ్చిన అమ్మాయికి 13:10. ఒక బాస్కెట్, మూడు ఫౌళ్లు.

తిరుగుదారిలో కాసేపు 340 రోడ్డు పట్టుకున్నాం. ఆదివారం గనక, కార్లు నడపకుండా పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల కొట్లన్నీ మూసున్నాయి. నల్ల గుర్రబ్బండి ఒకటి మా ముందు మెల్లగా పోతుంటే, దాటేయడానికి దారి దొరికేదాకా దాని వెనకే వెళ్లాం. వెనకసీట్లో పిల్లలు డిక్కీలోంచి తీసిన చల్లటి పులిహోర తింటూ, తర్వాతి టోర్నమెంట్‌కు బంతి ఎవరు పైకి తేవాలో తేల్చుకుంటున్నారు.