కిరసనాయిలు డబ్బా

సోమవారం పొద్దున్నే, షెడ్డు తలుపు తీసి పావుగంట కాలేదు, మా ఓనరు నాతో అన్న మాట ఇది: "రేపు నిన్ను ఏ బస్సో గుద్దితే ఈ బోల్టులు ఎక్కడివో ఎవరికి తెలుస్తుంది?"

పని మొదలుపెట్టే వేళ అనాల్సిన మాటేనా? మా అమ్మ వినుంటే అప్పటికప్పుడు ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేసేది. ఇక్కడివాళ్లకి అది మబ్బేసింది అన్నంత మామూలు మాట. నాకు మాత్రం మూడు రోజులు ముద్ద దిగలేదు.

బర్మింగ్‌హామ్ పక్కన పాత బైకులు బాగుచేసే చిన్న షెడ్డు మాది. 1950ల నాటి 350 బుల్లెట్ వచ్చింది, ఇంజన్ దించాలి. ఈ ఊరికి దగ్గర్లోని రెడ్డిచ్‌లో పుట్టిన బండి. (రెడ్డిచ్ అంటే మన పల్నాడులో ఊరేమో అనుకున్నాను మొదట్లో.) ట్యాంకు, సైలెన్సరు, కార్బురేటరు విప్పి, నట్లూ బోల్టులూ అన్నీ ఒకే డబ్బాలో వేసి కిరసనాయిలు పోశాను. విజయవాడ ఆటోనగర్‌లో నేర్చుకున్న పద్ధతి అదే మరి. ఇక్కడేమో ఒక్కో బోల్టుకీ ఒక ప్లాస్టిక్ సంచీ, దానికో చీటీ, విప్పేముందు ఫోటో.

ఇంజన్ కింద ఒక్కడినే చెయ్యి పెట్టబోతే కూడా ఆపాడు. మగవాడైనా 25 కిలోలు దాటి ఎత్తేముందు ఆలోచించాలని ఇక్కడి భద్రతా సూచనల్లో ఉందట. బుల్లెట్ ఇంజన్‌కి వెనక గేర్‌బాక్సు కూడా బిగించే ఉంటుంది. దానికి నాకు కోపం రాలేదు. ఆటోనగర్‌లో తాడేసి ఇద్దరం లేపిన ఇంజన్ల నొప్పి నడుములో ఇంకా ఉంది.

చీటీల దగ్గరే మండింది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. మద్రాసులో 1955లో మొదలైన కంపెనీ మాత్రం ఇంకా బుల్లెట్లు చేస్తూనే ఉంది. ఈ బండి గురించి ఎవరు ఎవరికి చెప్పాలి, మీరే అనండి.

మా మేస్త్రిని బాబాయ్ అనేవాణ్ణి. డబ్బాలో చెయ్యి పెట్టి, అటు చూడకుండానే వేళ్లతో తడిమి "ఇది హెడ్డుది, ఇది గేర్‌బాక్సుది" అంటూ తీసేవాడు. రాసుకునేవాడికి పని రానట్టే అని షెడ్డులో మా లెక్క. చివరి బోల్టు రాలేదని సుత్తి అందుకుంటే, "ఒరేయ్, అది ఇంజన్ బరువు మోస్తోందిరా, కొడితే ఎట్టా వస్తది?" అని, కింద చెక్క దూర్చి కాస్త లేపేవాడు. బోల్టు రెండు వేళ్లకే వచ్చేసేది. మా ఓనరు జాకీతో చేసేదీ అచ్చంగా అదే. మావాడు జాకీ లేకుండానే చేశాడు కదా అని లోపల సంబరపడ్డాను కూడా.

ఆ సంబరంలోనే గుంటూరులో నాన్న బుల్లెట్ గుర్తొచ్చింది.

దాని ఇంజన్ దించింది బాబాయే. సిలిండరు బోరింగుకి ఇచ్చొచ్చిన వారానికి ఆయనకి పక్షవాతం వచ్చింది, కుడి వైపు. కొన్ని నెలల తర్వాత డబ్బా తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను. ఎడమ చేత్తో ఒక్కో బోల్టూ తీసి చూశాడు, మళ్లీ అందులోనే వేశాడు. ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. ఒక బోల్టు సగం దాకా ఎక్కి పట్టేస్తుంది, ఇంకోటి వదులు. మరలు పాడవుతాయని వదిలేసి వెళ్లిపోయారు. ఫ్రేము ఇప్పటికీ పెరట్లోనే ఉంది. హ్యాండిల్ మీద అమ్మ తువ్వాళ్లు ఆరేస్తుంది.

ఓనరుకి ఇదంతా చెప్పలేదు. గురువారం నుంచి చీటీలు మాత్రం రాస్తున్నాను, తెలుగులో. చదువుకోలేక ఆయన తిప్పలు పడుతున్నాడు.

నిన్న అమ్మకి ఫోన్ చేసి డబ్బా ఉందా అని అడిగాను.

"అటక మీద ఉంది. కిరసనాయిలు ఎప్పుడో ఆవిరైపోయింది. మీ నాన్న ఫోటోకి మేకు కావాల్సొచ్చి వెతికితే అదే కనబడింది. మిగిలిన మేకులు కూడా అందులోనే వేశా. ఏరా, ఎందుకు?"

కదిలించొద్దన్నాను. సంచుల కట్ట తెస్తున్న సంగతి చెప్పలేదు, నవ్వుతుంది.