గాలిమర రెక్కల మెటీరియల్: ఫెటీగ్ టెస్టు గండం గట్టెక్కిన నా అనుభవం

సముద్రంలో నిలబెట్టే గాలిమరల రెక్కల కోసం మేము తయారుచేసిన కార్బన్-గ్లాస్ ల్యామినేట్ (రెసిన్ అనే జిగురుతో అతికిన ఫైబర్ పొరల పలక) ఫెటీగ్ రిపోర్టుకు, అంటే పదేపదే లోడ్ పడితే ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే రిపోర్టుకు, నిన్న ఆమోదం వచ్చింది. ఆ టెస్టులు తెప్పించిన కోపం, ఈ ఊరట రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

ఈ రెక్కలు వంద మీటర్లు దాటి చాలా కాలమైంది. వెస్టాస్ కంపెనీ వి236 గాలిమర రెక్క పొడవు 115.5 మీటర్లు. పొడవు పెంచితే అందే గాలి శక్తి పొడవు వర్గానికి (స్క్వేర్) తగ్గట్టు పెరుగుతుంది, బరువు మాత్రం దాదాపు ఘనానికి (క్యూబ్) తగ్గట్టు పెరుగుతుంది. అందుకే రెక్కకు వెన్నెముక లాంటి స్పార్ క్యాప్‌లో కార్బన్ ఫైబర్ వేస్తారు. గ్లాస్ ఫైబర్ కంటే తేలిక, దాదాపు మూడు రెట్లు బిర్రు (అంత తేలిగ్గా సాగదు, వంగదు). ధర ఎక్కువ కాబట్టి మేము రెండూ కలిపాం.

ఫైబర్ ఎంపిక, వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ (గాలి లాగేసి ఫైబర్ పొరల్లోకి రెసిన్ ఎక్కించడం), స్టాటిక్ టెస్టులు (ఒక్కసారి లోడ్ వేసి బలం చూసేవి) సాఫీగానే జరిగాయి.

ఫెటీగ్ దగ్గరే నరకం చూశాను. రెక్క 20, 25 ఏళ్ల జీవితంలో కోట్లసార్లు వంగి లేస్తుంది, కాబట్టి ఈ టెస్టు తప్పించుకోలేం. మా కూపన్లు (టెస్టు కోసం ల్యామినేట్ నుంచి కోసిన చిన్న పట్టీలు) వరసగా, అనుకున్నదానికంటే చాలా ముందే విరిగాయి. ల్యాబ్ వాళ్లు 'మెటీరియల్ బలహీనం' అని రాసేశారు. రివ్యూ మీటింగ్‌లో పెద్దాయన ఒకరు అందరి ముందూ "నాసిరకం కార్బన్ కొన్నారా?" అన్నారు. తల ఎత్తలేకపోయాను.

విరిగిన ముక్కలు పారేయమన్నా నేను పారేయలేదు. టీమ్‌లో అలా దాచింది నేనొక్కడినే. అన్నీ ట్యాబ్ (పట్టుకోవడానికి కూపన్ చివర అంటించే ముక్క) అంచు దగ్గర, మెషిన్ పట్టుకునే గ్రిప్ పక్కనే విరిగాయి. మధ్యలో ఒక్కటీ లేదు, అంటే తప్పు పట్టుకోవడంలో ఉండొచ్చు. గ్రిప్పులు ఒకే గీతలో ఉన్నాయా అని అడిగితే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూపించారు. అది లోడ్ సెల్‌కు, అంటే లాగే బలాన్ని కొలిచే పరికరానికి! బలం సరిగ్గా కొలిచినంత మాత్రాన కూపన్‌ను నిటారుగా లాగుతున్నట్టా? ఈ చిన్న విషయం ఒప్పించడానికి ఎన్ని మెయిళ్లు రాశానో.

చివరికి కూపన్‌కు రెండు వైపులా స్ట్రెయిన్ గేజ్‌లు (ఎంత సాగిందో కొలిచేవి) అంటించారు. రీడింగులు పొంతన లేకుండా వచ్చాయి. అంటే లాగడంతో పాటు వంచుతున్నారు కూడా. పైగా పని త్వరగా ముగించాలని ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు లోడ్ వేస్తారన్నది) పెంచేశారు. ల్యామినేట్‌లో పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. కూపన్ వేడెక్కితే రెసిన్ మెత్తబడుతుంది. గ్రిప్పులు సరిచేసి, వేగం తగ్గించి, ఉష్ణోగ్రత చూస్తూ నడిపితే అదే ల్యామినేట్ మేము లెక్కవేసిన చోట నిలబడింది.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది: ల్యాబ్ ఎంపికను పర్చేజ్ విభాగానికి వదిలేయకండి, వాళ్లకు తక్కువ కొటేషన్ తప్ప ఇంకేం కనబడదు. అలైన్‌మెంట్ రీడింగులు (గ్రిప్పులు ఒకే గీతలో ఉన్నాయని చూపేవి), ప్రతి ముక్క ఫోటో ఇస్తేనే డబ్బు అని ఆర్డర్‌లోనే రాయించండి.

ఆ మొదటి విడత టెస్టుల బిల్లు కోసం ల్యాబ్ ఇంకా ఫోన్లు చేస్తోంది. స్ట్రెయిన్ రీడింగులు జతచేసి, ఇవ్వం అని ఈ ఉదయమే మెయిల్ పెట్టాను.