మా ఇంట్లో వద్దన్న మాట

పోయిన నెల నెల్లూరు నుంచి బాబాయ్ వచ్చాడు, రెండు రోజులుండి పోదామని. మా వాడికి ఆరేళ్ళు, సోఫా మీద నుంచి దూకి కాఫీ గ్లాసు తన్నేశాడు. బాబాయ్ నవ్వుతూనే "ఒరేయ్ వెధవా, కుదురుగా ఉండలేవా" అన్నాడు. కోపం లేదందులో, నాకు తెలుసు. కానీ అప్పుడే అప్పడాల పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చిన అమ్మ, వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయింది.

నాన్న పోయేనాటికి అమ్మకి ముప్పై ఒకటి.

ఆ తిట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి తట్టదు. విధవ అన్న మాటే జనం నోట్లో వెధవ అయింది. బ్రౌన్ నిఘంటువులో వెధవకి అర్థం విధవ అనే ఉంటుంది, ఆ నిఘంటువు 1852లో అచ్చయింది కూడా మేముండే ఈ చెన్నైలోనే, వేపేరీలో. మగపిల్లాణ్ణి తిట్టడానికి మొగుడు పోయిన ఆడదాని పేరు పెట్టడం ఎవరికి మొదట తోచిందో గానీ, అంతకంటే తక్కువ బతుకు లేదనుకుంటే తప్ప అది తిట్టు కాదు కదా! ముండ కూడా అంతే. సంస్కృతంలో ముండ అంటే గుండు చేసిన తల, భర్త పోయిన ఆడవాళ్ళకి బలవంతంగా గుండు చేయించిన రోజుల గుర్తు అది. తమిళంలోనూ అదే తిట్టు ఉంది, దానికి తోడు అరుదలి అని ఇంకోటి, అంటే తాళి తెగినది. పెరంబూరు మార్కెట్లో ఇద్దరు కొట్లాడుకుంటుంటే ఏ భాషవాళ్ళయినా చివరికి ఆ మాటల దగ్గరికే వస్తారు. భార్య పోయిన మగవాడికి విధురుడు అని పేరుంది. ఆ పేరుతో ఎవరినైనా తిట్టగా నేను ఈ రోజు వరకు వినలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆ మాటని దాని అసలు అర్థంలో వాడాలంటే మనకి నోరు రాదు. "పాపం, ఆయన లేరు" అంటాం, "పోగొట్టుకున్నావిడ" అంటాం, అది కూడా గొంతు తగ్గించి. మన భాష అంత జాగ్రత్త పడే భాష మరి. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం, మంగళసూత్రం తెగితే పెరిగిందంటాం, గడప దాటేటప్పుడు వెళ్తానని కూడా అనం, వెళ్ళొస్తాననే అంటాం. ఇన్ని మాటలకి భయపడేవాళ్ళం, ఇదొక్కటి మాత్రం తిట్టు అయ్యేసరికి రోజుకి పదిసార్లు గట్టిగా అరిచేస్తాం, ఎదురుగా ఎవరున్నారో కూడా చూసుకోం.

పెన్షన్ కాగితాల కోసం ఒకసారి అమ్మని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. కౌంటర్ వెనకాల అతను తల ఎత్తకుండానే "విదవైయా?" అని అడిగాడు, క్యూ మొత్తానికి వినపడేట్టు. అమ్మకి తమిళం అంతగా రాదు, ఆ ఒక్క మాట మాత్రం అర్థమైంది. మర్నాడు మా ఆఫీసులో ఒక తమిళ స్నేహితురాలికి చెప్తే ఆమె కాగితం తీసుకుని రెండు మాటలు రాసి చూపించింది. విదవై అని తమిళంలో రాస్తే ఒక్క అక్షరం మీద కూడా చుక్క ఉండదు, అదే అర్థం ఉన్న కైంపెణ్ అన్న మాట రాస్తే రెండు చుక్కలు పడతాయి. నుదుటి బొట్టు తీసేసింది చాలక రాతలో కూడా లేకుండా చేశారని, అందుకే కైంపెణ్ అనమని కరుణానిధి చెప్పారట, ఇక్కడ చాలామంది చెప్పుకునే మాట ఇది. ఇంటికొచ్చి నేను తెలుగులో రాసి చూసుకున్నాను. విధవలో సున్నా లేదు. వితంతువులో ఒకటుంది, కానీ ఆ మాటని విడదీస్తే తంతువు లేనిదని, అంటే మళ్ళీ ఆ తాళిదారం దగ్గరికే. నాకు ఇంకో మాట తట్టలేదు.

భర్త పోయినవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి పెళ్ళి చేయించి చూపించారు, ఊరి వెలిని కూడా లెక్కచేయలేదు. మెరీనా ఎదురుగా ఐస్‌హౌస్ ఉంది కదా, వివేకానందుడు ఉన్న ఇల్లని అందరికీ తెలుసు, ఆ తర్వాత సిస్టర్ సుబ్బలక్ష్మిగారని ఒకావిడ చిన్నప్పుడే భర్తలు పోయిన ఆడపిల్లల్ని అక్కడ ఉంచి చదివించారు, ఆవిడ కూడా అలాంటి పిల్లే ఒకప్పుడు. బీచ్‌కి వెళ్ళినప్పుడు అమ్మకి చూపించి చెప్పాను. చాలాసేపు ఆ గుండ్రటి గోడల వైపే చూస్తూ కూర్చుంది. "చదివించారా, మంచిది" అని మాత్రం అంది.

బాబాయ్ ఆ మాట అన్న రోజు రాత్రి అన్నాలయ్యాక ఆయనతో చెప్పాను, "ఆ మాట మా ఇంట్లో వద్దు బాబాయ్, అమ్మ విన్నది" అని. ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "ముద్దుగా అన్నాను గదమ్మా, మా నాయన నన్ను రోజూ అనేవాడు" అన్నాడు. నేను ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, అరవై ఏళ్ళుగా అంటున్నానే అన్నాడు చివరికి. ఆయన మంచివాడు, నాన్న పోయాక మా ఫీజులు కట్టింది ఆయనే, అందుకే చెప్పడానికి నాకంత కష్టమైంది. చెప్పకుండా ఉండటం ఇంకా కష్టం.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు, స్పీకర్‌లో పెట్టాను, పక్కనే అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఏడీ ఆ వె..." అని ఆగిపోయాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "వదినా, మనవడేం చేస్తున్నాడు?" అన్నాడు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి ఫోన్ నా దగ్గర్నుంచి తీసుకుంది.