లేహ్‌లో చలి సరే, ఆ పొడిగాలి!

"జనవరిలో లద్దాఖ్ ఏంటే, బుద్ధుందా?" అని మా అక్క ఫోన్లోనే కేకలేసింది. మా టెన్షన్ అంతా చలి గురించే. థర్మల్స్, ఉన్ని సాక్సులు, మంకీ క్యాపులు ఎక్కడ కనిపిస్తే అక్కడ కొన్నాం. తీరా వెళ్లాక చలికి రెండు రజాయిలు సరిపోయాయి. ఏడిపించింది మాత్రం గాలిలో తడి లేకపోవడం.

నేను కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. మా ఊళ్లో డిసెంబరులో కూడా మధ్యాహ్నానికి మెడ జిడ్డుగా తగులుతుంది. చలికాలం వచ్చిందంటే పెదాలకు కాస్త వెన్న, కాళ్లకు కాస్త కొబ్బరినూనె, అంతటితో సరి. లేహ్ అలా కాదు. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న చలి ఎడారి అది. ఏడాది పొడవునా పడే వానా మంచూ కలిపినా 100 మిల్లీమీటర్లు ఉంటుందేమో. మా వైపు ఒక్క తుపాను రాత్రి అంత కురిసిపోతుంది.

విమానం దిగిన రోజు ఎవరైనా పడుకోవాల్సిందే, ఒంటికి ఆ ఎత్తు అలవాటు పడాలి కదా. పడుకుని లేచేసరికి పెదాలు బిరుసెక్కాయి. ముక్కు లోపల ఎండి, చీదితే రుమాలు మీద రక్తపు చార. చేతి మీద గోరుతో గీస్తే తెల్లటి గీత. మా ఆయనకు మోకాళ్ల కింద పొట్టు లేచి ఒకటే దురద. "ఇంకొంచెం పొయ్యి దగ్గరికి జరిగితే తగ్గుతుందిలే" అని బుఖారీకి ఆనుకుని కూర్చున్నారు.

అసలు దొంగ ఆ బుఖారీయే. గది మధ్యలో పెట్టే ఇనుప పొయ్యి అది. కట్టెలు, పిడకలు వేసి రాజేస్తారు. బయట మైనస్ 15 డిగ్రీల గాలి ఎంత తడిగా ఉన్నా, ఘనమీటరుకు గ్రామున్నర నీటి ఆవిరిని మించి పట్టుకోలేదు. అదే గాలిని గదిలో 20 డిగ్రీలకు వేడి చేస్తే 17 గ్రాముల దాకా పట్టగలదు. ఆ లోటు పూడ్చుకోవడానికి అది మన ఒంటి మీద తడిని కూడా లాగేస్తుంది. మేం దిగిన ఇంటావిడ, అందరూ అమాలే అని పిలుస్తారు, బుఖారీ మీద ఎప్పుడూ ఒక పెద్ద కెటిల్ ఉంచేది. టీకి అనుకున్నాం. టీ పోశాక కూడా అందులో మళ్లీ నీళ్లు నింపి పొయ్యి మీదే పెట్టింది. గది గాలికి అన్నమాట.

కుళాయిలు గడ్డకట్టి ఉన్నాయి కాబట్టి స్నానానికి బకెట్ నీళ్లు కాచి ఇవ్వాలి. చలికాలంలో రోజూ పోసుకోరని అమాలే కూతురు హిందీలో చెప్పింది. "దీదీ, ఇక్కడ రోజూ స్నానమంటే చర్మం ఊడొస్తుంది" అంది. మా ఆయన మొహంలో ఆనందం చూడాలి! మా అత్తగారు కట్టిచ్చిన సున్నిపిండి పొట్లం విప్పకుండానే తిరిగొచ్చింది. ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించుకున్న భోగి రోజున సున్నిపిండి ఎంతో హాయి. లేని జిడ్డును కూడా లాగేసే చోట దానితో పనేముంది?

చర్మం పైపొరలో ఉండే కొవ్వే నీటిని బయటికి పోకుండా ఆపుతుంది. మరిగే నీళ్లు, నురగ ఎక్కువ వచ్చే సబ్బు ఆ కొవ్వును కడిగేస్తాయి. అందుకే గోరువెచ్చని నీళ్లు, అదీ కాసేపే, సబ్బు చంకలకూ పాదాలకూ మాత్రమే. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే క్రీము రాయాలి. ఉత్త గ్లిజరిన్ ఇక్కడ పనికిరాదు. గాలిలో తడి లేనప్పుడు అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది. పైన వాజిలిన్ లాంటిది ఒక పూత ఉండాలి. వాసన లేని ఆ డబ్బానే నేను పెదాలకు, ముక్కు అంచులకు, రాత్రి మడమలకు వాడి సాక్సులు తొడుక్కున్నాను. పెదాలు నాకడం మాత్రం మానాలి, ఉమ్మి ఆరేకొద్దీ పగుళ్లు పెరుగుతాయి. ఇక నీళ్లు తెగ తాగితే చర్మం నిగనిగలాడుతుందంటారే, అది నేను నమ్మను. అంత ఎత్తులో ఊపిరితోనే బోలెడు నీరు పోతుంది కాబట్టి తాగాలి, అంతే. ఆ నీళ్లు పైపొరకు పూత కావు.

తర్వాత ఆల్చి వెళ్లాం. దారిలో నిమ్ము దగ్గర సింధు, జాన్‌స్కార్ నదులు కలిసేచోట అంచులన్నీ గడ్డకట్టి ఉన్నాయి. ఆల్చి గోంపాలో, అంటే అక్కడి బౌద్ధ మఠంలో, వందల ఏళ్ల నాటి గోడ బొమ్మల రంగులు ఇంకా తాజాగా ఉన్నాయి. ఈ పొడిగాలి వాటికి మేలే చేసినట్టుంది! ఆ ఊరి చుట్టూ ఆప్రికాట్ చెట్లు. హైదరాబాదీ అయిన మా ఆయనకు ఖుబానీ కా మీఠా గుర్తొచ్చి నోరూరింది. అక్కడి ఆడవాళ్లు ఆ గింజల్లోని పప్పును రాతి మీద నూరి, వేణ్నీళ్లు చిలకరిస్తూ పిసికి నూనె తీస్తారు. ఒకావిడ నా అరచేతిలో నాలుగు చుక్కలు పోసింది. చేదు బాదం వాసన, చర్మం మీద జిడ్డు నిలవదు. బుగ్గలకు బాగుంది గానీ పగిలిన మడమలకు అది చాలదు. వాటికి యూరియా క్రీమే దిక్కు. మా మామగారిలా షుగర్ ఉన్నవాళ్లు మడమ పగిలి రక్తం వస్తే నూనెలతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. చలిలో అది కాలుస్తున్నట్టే తెలియదు. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు కిలోమీటరుకు పది శాతం దాకా పెరుగుతాయి, కొత్తగా పడ్డ మంచు వాటిని మళ్లీ మొహం మీదికే కొడుతుంది. సన్‌స్క్రీన్ రాసుకోనన్న మా ఆయన ముక్కు ఉల్లిపొరలా ఊడింది.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీ హోటల్ గదిలో హీటరు పెట్టారు. నేను రిసెప్షన్‌కు ఫోన్ చేసి ఒక బకెట్ నీళ్లు అడిగాను. "గీజర్ ఉంది కదా మేడమ్" అన్నాడు కుర్రాడు. హీటరు పక్కన పెట్టడానికి అన్నాను. ఏమనుకున్నాడో, బకెట్‌తో పాటు మగ్గు కూడా తెచ్చాడు.